తూటాకు లెక్కుంది, లాఠీకి లేదు

విజయవాడకు "చలో విజయవాడ" అనే పిలుపు కొత్త కాదు. అంగన్‌వాడీలు, ఉపాధ్యాయులు, ఆశా వర్కర్లు, రైతులు, నిరుద్యోగులు... ఎవరికి ఏ సమస్య వచ్చినా చివరికి చేరేది అలంకార్ సెంటర్ దగ్గరి ధర్నాచౌక్‌కో, లెనిన్ సెంటర్‌కో, బీఆర్‌టీఎస్ రోడ్డుకో. పిలుపు వెలువడిన రోజు నుంచే పోలీసుల పని కూడా మొదలవుతుంది. ముందు రోజు రాత్రి జిల్లాల్లో సంఘ నాయకుల ఇళ్లకు కానిస్టేబుళ్లు నోటీసులు పట్టుకుని వెళ్తారు. తెల్లారేసరికి రైల్వే స్టేషన్లో, బస్టాండులో, టోల్‌ప్లాజాల దగ్గర తనిఖీలు. అవన్నీ దాటుకుని వచ్చినవాళ్లను వ్యాన్లెక్కించి ఊరికి దూరంగా ఉన్న స్టేషన్లకో, కల్యాణ మండపాలకో తీసుకెళ్లి సాయంత్రానికి వదిలేస్తారు. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ, అంటే వేతన సవరణ మీద ప్రభుత్వ ఉద్యోగులు ఇదే పిలుపునిస్తే, పోలీసులు అనుమతి లేదన్నా వేలాది మంది మారువేషాల్లో సైతం వచ్చి బీఆర్‌టీఎస్ రోడ్డును నింపేశారు. పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, ఈ అడ్డగింత పద్ధతి మాత్రం అలాగే ఉంది.

ఇందులో చట్టం చెప్పింది ఎంత, అలవాటుగా సాగిపోతున్నది ఎంత అన్నది నోటీసు అందుకున్న టీచరుకు తెలియదు. అర్ధరాత్రి దాన్ని పట్టుకొచ్చిన కానిస్టేబులుకూ చాలాసార్లు తెలియదు. ముందస్తు అరెస్టుకు ఆధారం ఒకప్పుడు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అంటే సీఆర్‌పీసీలో 151వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్ష సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్‌లో 170వ సెక్షన్. నెంబరు మారింది, షరతులు మారలేదు. ఒక వ్యక్తి పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన నేరం చేయబోతున్నాడని అధికారికి తెలిసి ఉండాలి. అరెస్టు చేయడం తప్ప ఆ నేరాన్ని ఆపే దారి లేదని అనిపించాలి. ఈ రెండూ ఉన్నా 24 గంటలకు మించి ఉంచకూడదు. ధర్నాకు వెళ్లాలనుకోవడం ఈ దేశంలో నేరం కాదు. అలాంటప్పుడు రైలెక్కబోతున్న మనిషిని పోలీస్ స్టేషన్లో దింపేయడానికి ఈ సెక్షన్ ఎలా సరిపోతుందో ఏ నోటీసులోనూ రాయరు. ఒకే మూసలో పేరు, ఊరు ఖాళీలు నింపిన కాగితమే అందరికీ వెళ్తుంది.

గృహ నిర్బంధం సంగతి ఇంకా విచిత్రం. "ఫలానా నేతను హౌస్ అరెస్ట్ చేశారు" అన్న వార్త లేకుండా మన పేపర్లలో వారం గడవదు. గేటు ముందు ఎస్‌ఐ కుర్చీ వేసుకుని కూర్చుంటారు, ఇంట్లోవాళ్లను బయటికి రానివ్వరు. పోలీసులు తమంతట తాము ఇలా చేయవచ్చని ఏ సెక్షనూ చెప్పదు. 2021లో గౌతమ్ నవలఖా కేసులో సుప్రీంకోర్టు గృహ నిర్బంధం గురించి మాట్లాడింది. జైలు రిమాండుకు బదులుగా కోర్టు అలాంటి ఉత్తర్వు ఇవ్వవచ్చని చెప్పింది. ఇవ్వాల్సింది కోర్టు. మన దగ్గర ఎఫ్‌ఐఆర్ ఉండదు, అరెస్టు మెమో ఉండదు, మేజిస్ట్రేటు ఉండరు. సాయంత్రం పోలీసులు కుర్చీ తీసేశాక, ఆ రోజు ఒక మనిషి స్వేచ్ఛను తీసేసుకున్నారని చెప్పడానికి ఒక్క కాగితం కూడా మిగలదు. రాజకీయ నాయకులకైతే ఫొటోగ్రాఫర్లు వస్తారు కాబట్టి అదో వార్త అవుతుంది. ఒక మండల స్థాయి సీఐటీయూ కార్యకర్తకు అదీ ఉండదు.

అనుమతి గురించిన చర్చ కూడా ఇలాగే గజిబిజిగా ఉంటుంది. "సెక్షన్ 30 అమల్లో ఉంది, సభలూ ర్యాలీలూ నిషేధం" అని పోలీసు ప్రకటనలు వస్తుంటాయి. ఇది 1861 పోలీసు చట్టంలోని సెక్షన్. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం జనాన్ని అదుపులో పెట్టుకోవడానికి తెచ్చుకున్న చట్టం అది. అంత కఠినమైన రోజుల్లో రాసిన ఆ సెక్షన్ కూడా ఊరేగింపు ఏ దారిలో, ఏ సమయంలో వెళ్లాలో చెప్పే అధికారమే ఇచ్చింది. అసలు జరగనివ్వకుండా చేసే అధికారం ఇవ్వలేదు. హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు కూడా బహిరంగ వీధుల్లో సభలను నియంత్రించవచ్చు గానీ పూర్తిగా నిషేధించకూడదని 1970ల మొదట్లోనే తేల్చేసింది.

ఈ తేడా గుంటూరు వాళ్లకు బాగా దగ్గరిది. 2022 డిసెంబర్ 28న కందుకూరులో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. నాలుగు రోజులకే, 2023 జనవరి 1న గుంటూరులో సంక్రాంతి కానుకల పంపిణీ దగ్గర ముగ్గురు మహిళలు ప్రాణాలు కోల్పోయారు. మర్నాడే రాష్ట్ర ప్రభుత్వం జీవో నెంబర్ 1 తెచ్చింది. జాతీయ, రాష్ట్ర రహదారుల నుంచి మున్సిపల్, పంచాయతీ రోడ్ల దాకా సభలు, ర్యాలీలు వద్దన్నది దాని సారాంశం. చనిపోయిన వాళ్ల పట్ల బాధ ఉండాల్సిందే, బారికేడ్లూ దారులూ సరిగ్గా లేని చోట సభకు అనుమతి ఇవ్వకపోవడం పోలీసుల బాధ్యతే. కానీ ఒక పంపిణీ కార్యక్రమంలో నిర్వహణ లోపానికి రాష్ట్రంలో రోడ్డు మీద నినదించే ప్రతి ఒక్కరినీ బాధ్యుల్ని చేయడం ఎలా న్యాయం? 2023 మే 12న హైకోర్టు డివిజన్ బెంచ్ ఆ జీవోను కొట్టేసింది. నియంత్రణ పేరుతో నిషేధం కుదరదని చెప్పింది. పిటిషన్ వేసినవాళ్లలో అప్పటి సీపీఐ రాష్ట్ర కార్యదర్శి కె. రామకృష్ణ ఉన్నారు. జీవో నిలబడలేదు గానీ, ఆ జీవో వెనకున్న ఆలోచన నోటీసుల్లో ఇంకా బతికే ఉంది.

రెండోవైపు కూడా చెప్పుకోవాలి. 2020 అక్టోబర్‌లో షాహీన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు, రహదారిని ఎంతకాలమైనా ఆక్రమించుకుని కూర్చోవడం హక్కు కాదని అంది. బెంజ్ సర్కిల్లో రోడ్డు మూసేస్తే అంబులెన్సు ఎటు పోవాలి అన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చోటూ సమయమూ చర్చించి నిర్ణయించడం. అదే ఏడాది జనవరి 10న అనురాధా భసీన్ తీర్పులో అదే సుప్రీంకోర్టు, జనం గుమిగూడకుండా నిషేధించే 144 సెక్షన్‌ను న్యాయమైన అసమ్మతిని అణచడానికి వాడకూడదని, కారణాలు రాతలో ఉండాలని, ఉత్తర్వు జనానికి తెలిసేలా ప్రచురించాలని స్పష్టం చేసింది. ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ 163. విజయవాడలో పోలీసు కమిషనరేట్ ఉంది కాబట్టి ఈ ఉత్తర్వు ఇచ్చేదీ, దాన్ని లాఠీతో అమలు చేసేదీ ఒకే శాఖ. గుంటూరులో ఎస్పీ వ్యవస్థ కావడంతో ఉత్తర్వు రెవెన్యూ వైపు మేజిస్ట్రేట్ల నుంచి రావాలి. కాగితం మీద చిన్న తేడానే అయినా, పోలీసులు అడిగినదానికి "ఎందుకు?" అని ఎదురు ప్రశ్నించే ఇంకో అధికారి ఉండటం, లేకపోవడం అన్నది జనానికి పెద్ద తేడా.

ఇక అసలు విషయం, బలప్రయోగం.

గుంపును చెదరగొట్టడానికి బీఎన్‌ఎస్‌ఎస్ 148వ సెక్షన్, పాత లెక్కలో 129, అధికారం ఇస్తుంది. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ, స్టేషన్ ఆఫీసర్ గానీ, ఆయన లేనప్పుడు కనీసం ఎస్‌ఐ ర్యాంకు అధికారి గానీ ముందు వెళ్లిపొమ్మని ఆదేశించాలి. వినకపోతేనో, వినే ఉద్దేశం లేదని ప్రవర్తనలో తెలిస్తేనో బలం వాడాలి. 1979లో పంజాబ్, హర్యానా హైకోర్టు కరమ్ సింగ్ కేసులో దీన్ని విడమరిచింది. గుంపు హింసకు దిగే తీరులో ఉండాలి, చెదిరిపొమ్మని ఆదేశం ఇవ్వాలి, ఆ ఆదేశాన్ని వాళ్లు ఖాతరు చేయకపోవాలి. మూడూ ఉంటేనే లాఠీ లేవాలి. మైకులో హెచ్చరిక, ఆ తర్వాత వాటర్ క్యానన్, భాష్పవాయువు, నడుం కిందికే లాఠీ, చిట్టచివరి దశలోనే కాల్పులు అన్న మెట్లు పోలీసు శిక్షణలో అందరూ నేర్చుకునేవే.

చట్టంలో ఒక సంగతి ఎక్కువమంది గమనించరు. గుంపు మీదికి సైన్యాన్ని పిలవాల్సి వస్తే, వాళ్లు "వీలైనంత తక్కువ బలం" వాడాలనీ, మనుషులకూ ఆస్తికీ వీలైనంత తక్కువ హాని చేయాలనీ 149వ సెక్షన్లో సూటిగా రాసి ఉంది. పోలీసుల గురించి చెప్పే 148లో ఆ వాక్యం లేదు. పోలీసుకు ఆ హద్దు మాన్యువళ్లలో, కోర్టు తీర్పుల్లో వెతుక్కోవాలి. సైనికుడికి చట్టంలోనే గీసిన గీతను రోజూ జనం మధ్య తిరిగే పోలీసుకు గీయకపోవడం పెద్ద లోటు. కొత్త చట్టం రాసేటప్పుడు దాన్ని సరిచేసే అవకాశం వచ్చింది, వదులుకున్నారు.

2012లో రాంలీలా మైదాన్ తీర్పు ఈ విషయంలో అందరూ చదవాల్సినది. 2011 జూన్ 4 రాత్రి ఢిల్లీలో నిద్రపోతున్న జనం మీదికి పోలీసులు వెళ్లారు. గాయపడిన ఒక మహిళ తర్వాత చనిపోయింది. నిద్ర కూడా జీవించే హక్కులో భాగమేనని, నిద్రపోతున్న గుంపు వల్ల అర్ధరాత్రి శాంతిభద్రతలకు వచ్చిన ముప్పు ఏమిటో చూపలేకపోయారని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. శిబిరం నిర్వాహకులదీ కొంత తప్పుందంటూ పరిహారంలో పావు వంతు వాళ్ల మీద వేసింది. ఆ తీర్పు వచ్చి పన్నెండేళ్లు కావస్తుండగా, విజయవాడ ధర్నాచౌక్‌లో అంగన్‌వాడీ కార్యకర్తల శిబిరాన్ని తెల్లవారకముందే ఖాళీ చేయించారు. వేతనాల పెంపు, గ్రాట్యుటీ కోసం 2023 డిసెంబర్ 12న మొదలైన సమ్మె అది. 2024 జనవరి 6న అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించారు, జనవరి 22న తెల్లారకముందే పోలీసులు వచ్చారు. ఆ వెంటనే ప్రభుత్వంతో చర్చలు జరిగి సమ్మె ముగిసింది. మాట్లాడుకుంటే తేలిపోయే విషయానికి చీకట్లో ఆడవాళ్లను వ్యాన్లు ఎక్కించాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ప్రభుత్వం ఎవరికీ జవాబు చెప్పలేదు. చెప్పాలని అడిగే ఏర్పాటే లేదు.

ఏర్పాటు లేదన్నది ఎలాగో చూద్దాం. ఆయుధాగారం నుంచి తీసుకున్న ప్రతి తూటాకూ రిజిస్టరులో లెక్క ఉంటుంది. పేలిస్తే ఎవరి ఆదేశంతో, ఏ పరిస్థితిలో పేల్చారో చెప్పాలి, ఖాళీ గుండ్లు అప్పగించాలి. మనిషి చనిపోతే ఇంకా గట్టి నిబంధనలున్నాయి. కస్టడీలో చనిపోతే జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ జరగాలని బీఎన్‌ఎస్‌ఎస్ 196 చెబుతోంది. 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలన్న నిబంధన 1993 నుంచి ఉంది. ఎన్‌కౌంటర్ అయితే ఏమేం చేయాలో 2014లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 16 సూత్రాలు ఇచ్చింది. దానికి ముందే, 2009 ఫిబ్రవరిలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎన్‌కౌంటర్ మరణాల్లో పోలీసుల మీద ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాల్సిందేనని చెప్పింది. పౌరహక్కుల సంఘం ఏళ్ల తరబడి పోరాడిన ఫలితం అది.

అదే ధర్నాలో లాఠీ దెబ్బకు చెయ్యి విరిగితే? ఏమీ లేదు. మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి కాదు. ఏ కమిషన్‌కూ నివేదిక వెళ్లక్కర్లేదు. ఎవరు ఆదేశించారు, ఎన్నిసార్లు హెచ్చరించారు, ఎంతమందికి దెబ్బలు తగిలాయి అన్నది ఒకచోట రాసి ప్రజల ముందు పెట్టాలన్న నియమం లేదు. స్టేషన్ జనరల్ డైరీలో ఒకటి రెండు వాక్యాలు ఉండొచ్చు, "స్వల్ప బలప్రయోగంతో చెదరగొట్టాం" అని. ఆ స్వల్పం ఎంతో కొలిచేవాళ్లు లేరు.

కొలవగలిగిన ఒకే ఒక్క చోటు ప్రభుత్వాసుపత్రి. గుంటూరు జీజీహెచ్‌లో గానీ, విజయవాడ కొత్త ప్రభుత్వాసుపత్రిలో గానీ క్యాజువాలిటీకి వెళ్లి "పోలీసులు కొట్టారు" అంటే డాక్టరు దాన్ని మెడికో లీగల్ కేసుగా, అందరూ అనే ఎంఎల్‌సీగా రాసుకోవాలి. ఎముక విరిగిందా, కమిలిందా, గాయం ఎంత పొడవు, ఎంత పాతది అన్నవన్నీ అందులో ఉంటాయి. తర్వాత వూండ్ సర్టిఫికెట్, అంటే గాయాల ధ్రువపత్రం వచ్చేది దాని ఆధారంగానే. చిక్కేమిటంటే ఎంఎల్‌సీ సమాచారం ముందు ఆసుపత్రిలోనే ఉన్న పోలీస్ అవుట్‌పోస్టుకు వెళ్తుంది, అక్కణ్నుంచి సంఘటన జరిగిన ప్రాంతపు స్టేషన్‌కు వెళ్తుంది. ఏ స్టేషన్ మనుషులు కొట్టారో ఆ స్టేషన్‌కే అన్నమాట. సాయంత్రానికి ఇంటికి ఫోన్ వస్తుందని ధర్నాలకు వెళ్లేవాళ్లకు తెలుసు. అందుకే వీధి చివర ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లి, బాత్రూంలో జారిపడ్డామని చెప్పి కట్టు కట్టించుకుంటారు. అక్కడితో సాక్ష్యం పోతుంది. ఆరు నెలల తర్వాత న్యాయవాది "వూండ్ సర్టిఫికెట్ ఉందా?" అని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.

దెబ్బ తిన్నవాడు నిందితుడు కూడా అయితే ఇంకో అవకాశం ఉంటుంది, రిమాండ్. అరెస్టయిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలన్నది రాజ్యాంగం 22వ అధికరణం. అరెస్టయినవారికి వైద్య పరీక్ష చేయించాలన్నది బీఎన్‌ఎస్‌ఎస్ 53. పోలీసులు కొట్టారా అని మేజిస్ట్రేటు అడుగుతారు. అడిగేటప్పుడు ఆ మనిషి పక్కన నిలబడి ఉండేది ఎవరు? రాత్రంతా అతణ్ని ఉంచుకున్న ఎస్కార్టు. జైలుకు పంపకుండా పోలీసు కస్టడీకి ఇస్తే తిరిగి వెళ్లేది వాళ్లతోనే. "లేదండీ" అన్న జవాబు రికార్డులో చేరిపోతుంది, తర్వాత ఏం చెప్పినా "ఆ రోజు ఎందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఈ ఒక్క ప్రశ్నను పోలీసుల్ని బయటికి పంపి అడిగితే జవాబులు ఎన్ని మారతాయో ఊహించుకోవచ్చు.

తెనాలి ఘటనను ఈ వెలుగులో చూడాలి. 2025 మే నెలాఖరులో ఒక వీడియో బయటికొచ్చింది. ముగ్గురు యువకులను నడిరోడ్డు మీద కూర్చోబెట్టి, కదలకుండా కాలితో తొక్కిపెట్టి, అరికాళ్ల మీద పోలీసు అధికారులు కర్రతో కొడుతున్నారు. చుట్టూ జనం చూస్తున్నారు. ఆ ముగ్గురిలో దళితులున్నారు, ముస్లిం ఉన్నాడు. కొట్టింది అంతకు కొన్ని వారాల ముందు. వీడియో రాకపోతే ఆ కొట్టుడు ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. వాళ్లు కానిస్టేబుల్ మీద దాడి చేశారని, నేరచరిత్ర ఉన్నవాళ్లని పోలీసులు సమర్థించుకున్నారు. "అలాంటోళ్లకు అదే మందు" అన్నవాళ్లూ తక్కువ లేరు.

ఇక్కడ నిలబడి ఆలోచించాలి. కానిస్టేబుల్ మీద చెయ్యి చేసుకుంటే అది నేరమే. విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగిపై దాడికి భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ ఉంది. కేసు పెట్టి, సాక్ష్యం చూపించి, శిక్ష వేయించవచ్చు. ఆ శిక్షల జాబితాలో అరికాళ్ల మీద దెబ్బలు లేవు. రౌడీషీట్ ఉంటే కొట్టొచ్చని ఒప్పుకుంటే, ఎవరి మీద రౌడీషీట్ తెరవాలో నిర్ణయించేది కూడా ఆ పోలీసులే కదా. షీట్ తెరవడం, మూసేయడం పోలీస్ స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం జరిగే శాఖాపరమైన పని. వాటికి శాసనబలం లేదంటూ 2022 జూలైలో మన హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పు ఇవ్వడం, దాని మీద ప్రభుత్వం అప్పీలుకు వెళ్లడం తెలిసిందే. ఉద్యమాలు చేసేవాళ్ల మీదా షీట్లు తెరుస్తారు. ఇవాళ తెనాలి వీడియోకు చప్పట్లు కొట్టిన రైతు మీదికి రేపు భూసేకరణ గొడవలో అదే పదం రావచ్చు. సమాన న్యాయం అంటే మంచివాళ్లకు ఇచ్చే బహుమతి కాదు. తప్పు చేసినవాడిక్కూడా అదే సెక్షన్, అదే కోర్టు, అదే హద్దు.

సంకెళ్ల కథ కూడా ఇలాంటిదే. వేయాలంటే కారణం రాయాలని 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా వేయకూడదని 1995లో ఇంకా గట్టిగా చెప్పింది. 2020 అక్టోబర్‌లో అమరావతి ప్రాంత రైతులను నరసరావుపేట సబ్‌జైలు నుంచి గుంటూరు జిల్లా జైలుకు తరలిస్తూ చేతులకు సంకెళ్లు వేశారు. మూడు రాజధానుల గొడవలో పెట్టిన కేసది. అరెస్టయినవాళ్లలో ఎస్సీలు ఉన్నా వాళ్ల మీద ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పెట్టారు. ఫొటోలు చూసి రాష్ట్రమంతా మండిపడ్డాక ఎస్కార్టులో ఉన్న హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. హెడ్ కానిస్టేబుల్ తన జేబులోంచి తీసి సంకెళ్లు వేశాడా? ఎవరు చెప్పారో, చెప్పకపోయినా ఎవరు చూసీ చూడనట్టు ఊరుకున్నారో రాత లేదు కాబట్టి వేటు కింది మెట్టు మీదే పడింది. ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 43 కొన్ని రకాల నిందితులకు సంకెళ్లు వేయవచ్చని చెబుతూ "పదేపదే నేరం చేసినవారు" అన్న మాట కూడా చేర్చింది. అది ఎవరో చట్టం వివరించలేదు. ఇరవై ధర్నాలు చేసి ఇరవై కేసులు మోస్తున్న ఒక ట్రేడ్ యూనియన్ నాయకుణ్ని అందులోకి లాగడం కష్టమేమీ కాదు.

న్యాయం ఎవరికి ఎంత త్వరగా దొరుకుతుందో చూస్తే ఇంకా బాధ కలుగుతుంది. 2021 మే 14న అప్పటి ఎంపీ రఘురామకృష్ణరాజును రాజద్రోహం కేసులో అరెస్టు చేసి గుంటూరు సీఐడీ కార్యాలయానికి తెచ్చారు. అక్కడ కొట్టారన్నది ఆయన ఆరోపణ. సుప్రీంకోర్టు జోక్యంతో సికింద్రాబాద్ ఆర్మీ ఆసుపత్రిలో వైద్య పరీక్షలు జరిగాయి, ఆ నివేదిక వచ్చాక మే 21న బెయిలు వచ్చింది. ఒక వారం. ఆయన ఆరోపణ మీద గుంటూరు నగరంపాలెం స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ మాత్రం 2024 జూలైలో, ప్రభుత్వం మారాకే నమోదైంది. ఒక ఎంపీకే కేసు నమోదవడానికి మూడేళ్లు, ఎన్నికలు అవసరమైతే మిగతావాళ్ల సంగతేమిటి? లాక్‌డౌన్ రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో సత్తెనపల్లిలో ఒకతను మందుల కోసం బయటికొచ్చి పోలీసులు కొట్టడంతో చనిపోయాడని కుటుంబం గోడు వెళ్లబోసుకుంది. ఎస్‌ఐ సస్పెండయ్యాడు. వారం రోజుల్లో ఢిల్లీ నుంచి ఉత్తర్వు తెప్పించుకునే శక్తి ఆ కుటుంబానికి ఎక్కడిది?

ప్రభుత్వం మారితే కేసుల దిశ మారడం ఇక్కడ అందరూ చూస్తున్నదే. 2021 అక్టోబర్ 19న మంగళగిరిలో టీడీపీ కార్యాలయం మీద దాడి జరిగితే కేసు కదిలింది 2024 తర్వాత. 2024 నవంబర్లో వైసీపీ సోషల్ మీడియా కార్యకర్తల వరుస అరెస్టులు జరిగితే ఈసారి వాళ్ల కుటుంబాలు, తమవాళ్లను కోర్టు ముందు హాజరుపరచాలని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్లతో హైకోర్టుకు పరుగెత్తాయి. నిన్న తమవాళ్లను కొడితే రాజ్యాంగం గుర్తొచ్చినవాళ్లు, ఇవాళ ఎదుటివాళ్లను కొడితే "చట్టం తన పని తాను చేసుకుపోతుంది" అంటారు. పార్టీ అండ లేని మనిషికి మాత్రం నిన్నా ఇవాళా ఒకటే.

లాఠీ లేవాల్సిన చోట లేవకపోవడం కూడా ఈ అసమానతలో భాగమే. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను చంపేశారు. అంతమందిని వెంటాడి చంపుతుంటే కాపాడలేని పోలీసు యంత్రాంగం, ఆ తర్వాత న్యాయం కావాలని నిరసన చేస్తున్న శిబిరం దగ్గర కాల్పులు జరిపింది. ఒక దళిత యువకుడు బలయ్యాడు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి బాధితులు పోరాడాల్సి వచ్చింది. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. బాధితులు మళ్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. చుండూరు గురించి తెలిసినవాళ్లకు పోలీసు బలం ఎటు నిలబడుతుందన్న ప్రశ్న పుస్తకాల్లోది కాదు.

కానిస్టేబుల్ వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. ముఖ్యమంత్రి పర్యటన, అసెంబ్లీ, దసరా ఉత్సవాలు, చలో విజయవాడ అన్నీ ఒకే మనిషి భుజాల మీద. తెల్లవారుజామున మూడింటికి డ్యూటీ ఎక్కి, ఎండలో జనాన్ని తాళ్లతో ఆపే రోప్ పార్టీలో నిలబడి, ఎప్పుడు దిగుతాడో తెలియదు. 2019లో వారాంతపు సెలవు ప్రకటించారు గానీ బందోబస్తు వస్తే ముందు పోయేది అదే. రాయి తగిలేది అతనికే, తిట్లు తినేదీ అతనే. పైనుంచి వైర్‌లెస్ సెట్‌లో "క్లియర్ చేయండి" అన్న మాట వస్తుంది. ఎలా క్లియర్ చేయాలో ఎవరూ చెప్పరు. వీడియో బయటికొస్తే సస్పెన్షన్ ఆర్డర్ మీద పేరు ఉండేది ఆ మాట విన్నవాడిది, అన్నవాడిది కాదు. కాబట్టి ఆదేశం రాతలో ఉండాలన్న డిమాండ్ జనానిది ఎంతో కానిస్టేబుల్‌ది కూడా అంతే కావాలి.

బాధితుడు ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలి? రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కర్నూలులో ఉంది. పోలీసుల మీద కేసు నడపాలంటే 148 కింద చేసిన పనికి ప్రభుత్వ అనుమతి కావాలని బీఎన్‌ఎస్‌ఎస్ 151వ సెక్షన్ అంటుంది. కొట్టించిన ప్రభుత్వమే అనుమతి ఇవ్వాలి. 2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, రాష్ట్ర స్థాయిలోనూ జిల్లా స్థాయిలోనూ పోలీసులపై ఫిర్యాదుల అథారిటీలు పెట్టమంది. ఇరవై ఏళ్లు కావస్తున్నా విజయవాడలో ఆటో ఎక్కి "పోలీసు ఫిర్యాదుల అథారిటీకి పోనీ" అంటే తీసుకెళ్లగల డ్రైవరు దొరకడు. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం పెట్టి, ఇప్పటికీ దాన్ని ఆమోదించి చట్టం చేయలేదు. స్టేషన్లలో రాత్రి కూడా కనిపించే, మాట కూడా వినిపించే సీసీ కెమెరాలు పెట్టి ఫుటేజీని దాచమని 2020 డిసెంబర్లో సుప్రీంకోర్టు ఆదేశిస్తే, అవి పనిచేయడం లేదంటూ అదే కోర్టు 2025లో మళ్లీ కేసు తీసుకోవాల్సి వచ్చింది.

వీటన్నిటి కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేకుండా చేయగల పని ఒకటుంది. గుంపును చెదరగొట్టిన ప్రతిసారీ 24 గంటల్లో ఒక నివేదిక తయారుకావాలి. ఆదేశం ఎవరిచ్చారు, ఏ సమయానికి, హెచ్చరిక ఎన్నిసార్లు వినిపించారు, వెళ్లిపోవడానికి ఎంతసేపు ఇచ్చారు, ఏ బలం వాడారు, ఇటు ఎంతమందికి అటు ఎంతమందికి గాయాలయ్యాయి, వాళ్లను ఏ ఆసుపత్రికి పంపారు, వీడియో ఎవరి దగ్గర భద్రపరిచారు అన్నవి అందులో ఉండాలి. ముందస్తుగా ఆపిన మనుషుల పేర్లు, ఆపిన సమయం, వదిలిన సమయం కూడా. ఒక ప్రతి ఆ ప్రాంతపు జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు వెళ్లాలి. గాయపడినవాళ్ల ఎంఎల్‌సీ సమాచారం అవుట్‌పోస్టుతో పాటు మేజిస్ట్రేటుకూ నేరుగా చేరాలి. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్లో పెడుతున్నప్పుడు ఈ నివేదిక పెట్టడానికి అడ్డేమిటి? దీనికి అసెంబ్లీలో కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 1861 చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ ఆమోదంతో పోలీసు బలగానికి నియమాలు రూపొందించే అధికారం పోలీసు శాఖ అధిపతికి ఉంది. జనాన్ని ఆపడానికి రోజూ ఆ చట్టంలోని 30వ సెక్షన్‌ను బయటికి తీస్తున్న మంగళగిరి డీజీపీ కార్యాలయం, కొన్ని పేజీలు వెనక్కి తిప్పి 12వ సెక్షన్ కింద ఈ ఉత్తర్వు జారీ చేయవచ్చు.